నాలుగో నిమిషం

వరలక్ష్మీ వ్రతం నాడు పొద్దున్నే, ఇంకా కలశం నిలబెట్టకముందే, పక్క గదిలోంచి మా సుమ "అయిపోయింది" అంది. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అంటే నాకు అంత భయం వేసేది కాదు. చేతిలో పసుపు గిన్నెతోనే పరుగెత్తాను. పిల్లకి కరెంటు కొట్టిందనే అనుకున్నాను. ఆ కంప్యూటరు ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ నేను కాచుకుని కూర్చున్న కీడు అదే.

సుమ నిక్షేపంలా ఉంది. నేలమీద మఠం వేసుకుని, మూత తీసిన సీపీయూ డబ్బా పక్కన పెట్టుకుని, టేబులు మీది తెర వంక చూస్తోంది. తెర నిండా ఎర్రవీ పచ్చవీ చిన్న చిన్న గళ్ళు. తడి ముగ్గుని పిల్లలు తొక్కేసినట్టుంది. నేను చూస్తుండగానే ఆ గళ్ళు కూడా పోయి మొత్తం నల్లబడింది.

"నీకేం కాలేదుగా?"

"నాకేమవుతుందమ్మా? కార్డుకి అయింది."

"పోనీలే తల్లీ, నీకేం..."

"పోనీలే ఏంటమ్మా! సాయంత్రం ఐదింటికి సీడీ ఇవ్వాలి!"

ఇది రెండువేల ఆరులో మాట. అప్పుడు మధురానగర్‌లో రెండో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. మా వీధిలో ఇళ్ళకంటే హాస్టళ్ళే ఎక్కువ. వాటిలోని పిల్లలంతా తెల్లారితే అమీర్‌పేటకి పోయి జావా అనో ఇంకోటనో నేర్చుకుని ఉద్యోగాల్లో పడిపోయేవాళ్ళు. బీకాం పాసైన మా ఒక్కగానొక్క పిల్ల మాత్రం బొమ్మలు కదిలించడం నేర్చుకుంటానంది. ఏడాది కోర్సు. మా ఆయన వీర్రాజుగారికి అది చదువులా కనబడలేదు. వినాయక చవితి లోపల ఎక్కడైనా చేరితే సరే, లేకపోతే సోమాజిగూడలో తనకి తెలిసిన ఆడిటరుగారి ఆఫీసులో లెక్కలు రాయడానికి కూర్చోవాల్సిందేనని చెప్పేశారు. ఆయన చెప్పారంటే చెప్పినట్టే.

పంజాగుట్టలో ఒక స్టూడియో వాళ్ళు నలుగుర్ని తీసుకుంటామని ప్రకటన వేశారు. రెండు నిమిషాల సినిమా సొంతంగా చేసి, సీడీలో పెట్టి, శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు ఇవ్వాలి. ఐదు దాటితే మళ్ళీ ఏడాదికే. సుమ రెండు నెలలు దాని మీదే కూర్చుంది. వానకి మునిగిపోయిన అమీర్‌పేట రోడ్డు మీద ఒక ఆటో ఈత నేర్చుకుంటుంది. అదీ కథ. నాకు పదో తరగతి పోయింది, ఇలాంటివి తెలీవు, అయినా ఆ ఆటో తలెత్తి గుటకలు మింగుతుంటే నా గొంతులోకి నీళ్ళు పోయినట్టయ్యేది. ఇంక చివరి ఇరవై సెకన్లు చేస్తే అయిపోతుంది. ఇన్‌స్టిట్యూట్‌లో చేద్దామంటే అక్కడి కంప్యూటర్లు ఇంత పెద్ద ఫైలు తెరవలేక మొరాయిస్తాయి.

అసలు ఆ కార్డు జోలికి వెళ్ళేలా చేసింది నేనే. బొమ్మల్ని తెరమీదికి తెచ్చే ఆ గ్రాఫిక్స్ కార్డుకి ఒక చిన్న ఫ్యాను ఉంటుంది. అది పాతబడి, మిక్సీలో గులకరాళ్ళు వేసినట్టు మోత పెట్టేది. అది పేలుతుంది, పేలి పిల్ల మొహం మీదికి వస్తుంది అని పదిరోజులు వేపుకుతిన్నాను. చివరికి నా పోరు పడలేక బుధవారం అమీర్‌పేటలో కొత్త కూలరు కొనుక్కొచ్చి, గురువారం సాయంత్రం సుమే బిగించుకుంది. కింద రాగి పలక, దాని మీద రేకులు, పైన ఫ్యాను. మోత పోయింది. శుక్రవారం పొద్దున్నకి బొమ్మ కూడా పోయింది.

"గడియారం చూస్తూ ఉండమ్మా, ఎంతసేపటికి ఆగుతుందో చెప్పు" అంది సుమ.

పూజ దగ్గర అక్షింతలు కలుపుతూ గడియారం చూశాను. నాలుగు నిమిషాలు. కార్డు ఊడదీసి మళ్ళీ గుచ్చింది. నాలుగు నిమిషాలు. కార్డు కింద బంగారురంగు పళ్ళుంటే వాటిని పెన్సిలు రబ్బరుతో రుద్దింది. నాలుగు నిమిషాలు. కరెంటు వైరు మార్చింది, తెర వైరు మార్చింది. నాలుగే. టేబులు ఫ్యాను తెచ్చి డబ్బాలోకి గాలి వచ్చేలా పెట్టింది. ఆరు నిమిషాలు ఆడింది.

"అయితే వేడేనేమోనే."

"నేనూ అదే అనుకున్నా. కానీ చూడు" అని నా వేలు పట్టుకుని ఆ రాగి రేకుల మీద పెట్టింది. కుండలో నీళ్ళంత చల్లగా ఉన్నాయి. "కూలరు ఇంత చల్లగా ఉంటే ఇంక వేడెక్కడిది? ఫ్యాను కూడా బాగానే తిరుగుతోంది. బిగించేటప్పుడు నేనే కార్డుని ఏదో చేసుంటాను."

ఈలోపల ఆఫీసు నుంచి ఆయన ఫోను. "స్టెబిలైజర్ ఆన్ చేశారా?"

"చేశామండీ."

"ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చెయ్యండి."

"చేశామండీ."

పావుగంట తర్వాత మళ్ళీ ఫోను. "స్టెబిలైజర్ మార్చి చూశారా?" ఆ మనిషికి లోకంలో తెలిసిన రోగం అదొక్కటే. కథ చదివి అక్షింతలు వేసుకునేలోపు ఇంకో రెండుసార్లు చేశారు. అమ్మవారి ముందు కూర్చుని స్టెబిలైజరు గురించి ఎన్నిసార్లు మాట్లాడానో లెక్కే లేదు.

పది దాటాక సీపీయూ డబ్బాని పాత దుప్పటిలో చుట్టి ఆటో ఎక్కాం. సుమ ఒక్కతే వెళ్తానంది. అంత బరువు పట్టుకుని ఆ జనంలో రోడ్డు దాటుతుంటే ఏ బస్సో వస్తే? వాయనం ఇవ్వాల్సిన ముత్తైదువుల్ని సాయంత్రం రమ్మని చెప్పి నేనూ బయల్దేరాను.

కూలరు అమ్మిన కొట్టు మైత్రీవనం వెనక సందులో, మేడమీద. మెట్లెక్కేలోపే నా చేతిలో మూడు కోర్సుల కాగితాలు పెట్టారు. కొట్లో పనిచేసే అబ్బాయి పేరు విజయేందర్. ముప్పై ఏళ్ళుంటాయి. చెవి మీద స్క్రూడ్రైవరు పెట్టుకుని, సుమ చెప్పేది వింటూనే కార్డు తీసి అటూ ఇటూ తిప్పాడు.

"సీల్ కోసినవా అక్కా?"

"కూలరు మార్చాలంటే కొయ్యాలిగా. మీరే చెప్పారు."

"చెప్పిన. కోసినంక కంపెనీ తీసుకోదని సుత చెప్పిన."

తమ దగ్గరున్న వేరే కార్డు తీసి మా డబ్బాలో పెట్టాడు. పది నిమిషాలు నిక్షేపంలా ఆడింది. మా కార్డు పెట్టాడు. నాలుగో నిమిషంలో గళ్ళు. కూలరు మీద వేలు పెట్టి చూశాడు.

"సల్లగనే ఉంది. వేడి గాదు. కార్డే పోయింది."

"ఆ వేరే కార్డు సాయంత్రం దాకా ఇస్తారా? అద్దె ఇస్తాం" అంది సుమ.

"గది కస్టమర్‌ది అక్కా. పన్నెండింటికి వస్తడు." కాసేపు ఆలోచించి అడిగాడు. "పేస్టు మీద చెయ్యి గిట్ట పెట్టలేదు గదా?"

"ఏ పేస్టు? దానికే పూసి వస్తుంది, మూత తీసి బిగించడమే అన్నారు కదా."

"ఆఁ, గదే. రాగి మీద బూడిద రంగుల ఉంటది. మెత్తగ, కాటుక లెక్క. చిప్పులకెల్లి వేడిని అదే గుంజి రాగికిస్తది."

కాటుకలా, బూడిదరంగు. అది నేను చూశాను.

గురువారం సాయంత్రం నేను వంటింట్లో వ్రతానికి చెంబులు తోముకుంటున్నాను. చింతపండు, ఉప్పు, కొబ్బరిపీచు అన్నీ ఎదురుగా ఉన్నాయి. సుమ కూలరు డబ్బా విప్పి, మూత తీసి చూసుకుని, బల్లమీద పెట్టి, స్క్రూడ్రైవరు అడిగి తెస్తానని కింద ఇంటి ఓనరు వజ్రమ్మగారింటికి వెళ్ళింది. నేను చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూశాను. ముచ్చటైన రాగి పలక. దాని మీద జిడ్డుజిడ్డుగా బూడిదరంగు మడ్డి. కొట్టువాడెవడో గ్రీజు చేతులతో పట్టుకున్నాడనుకున్నాను. వ్రతం రేపనగా ఇంట్లోకి కొత్తగా వచ్చిన రాగి వస్తువు, ఆ మడ్డితోనే వాడటమా? ఫ్యానుకి తడి తగలకుండా జాగ్రత్తగా పట్టుకుని, పలక ఒక్కటీ చింతపండు పెట్టి తోమాను. అద్దంలా వచ్చింది. పాత చీరముక్కతో ఒత్తి, పంకా కింద ఐదు నిమిషాలు ఆరబెట్టి, ఎప్పటిలాగే మూత పెట్టేశాను. సుమ తిరిగొచ్చేసరికి కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో మూత లాగి బిగించేసుకుంది. కరెంటు మళ్ళీ తెల్లారాకే వచ్చింది.

ఇదంతా అక్కడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. దానికీ ఒక కారణం ఉంది. రెండు నెలల క్రితం నేను కీబోర్డుని ఫినాయిలు గుడ్డతో తుడిస్తే అది పనికిరాకుండా పోయింది. ఆరోజు సుమ అరవలేదు, ఏడవలేదు. "అమ్మా, ఇంకొక్కసారి నా వస్తువు ముట్టుకున్నావంటే హాస్టల్లో చేరిపోతా" అంది. హాస్టలు కోసం వెతుక్కోనక్కర్లేదు, మా గుమ్మంలోంచి చూస్తేనే ఆరు కనబడతాయి. అక్కడి తిండి తిని పిల్లకి కామెర్లు రావడం దాకా నేను ఆ రాత్రే ఊహించేసుకున్నాను.

అందుకని చుట్టూ తిప్పి చెప్పబోయాను.

"బాబూ, ఆ పేస్టు ఉందో లేదో ఓసారి విప్పి చూడరాదూ?"

"కంపెనీల్నే పెట్టి పంపుతరమ్మా."

"పంపుతారులే. దారిలో తుడుచుకుపోతే?"

"మూత ఉంటది గదా."

"మూత కిందే తుడుచుకుపోతే?"

విజయేందర్ నా వంక జాలిగా చూశాడు. "అమ్మా, సీల్ కోసిన కార్డు నేను విప్పిననుకో, రేపు పోతే నా మీదికొస్తది. పంజాగుట్టల డీలరున్నడు, కార్డు ఆయన కంపెనీదే. ఆడికి తీస్కపోన్రి."

"అది కాదు నాయనా, ఒక్కసారి..."

"అమ్మా" అంది సుమ. "తెలియనివాటిలో దూరకు."

దూరకు అంటుంది! దూరి, తోమి, ఆరబెట్టి కూర్చున్నానే తల్లీ, అని లోపల ఏడ్చుకున్నాను. సీపీయూ డబ్బా అక్కడే ఉంచి, కార్డు ఒక్కటీ కాగితంలో చుట్టుకుని పంజాగుట్టకి ఆటో ఎక్కాం. దారి పొడుగునా సుమ మాట్లాడుతూనే ఉంది. నాతో కాదు, తనలో తనే.

"స్క్రూలు ఎక్కువ బిగించాను. కార్డు వంగి ఉంటుంది. నా చేతికి ఇవి రావు. నాన్న చెప్పిందే నిజం."

"నీ చేతులకేమే..."

"స్టూడియోకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పేస్తా. ఆడిటరుగారి దగ్గరే చేరతా."

చెప్పు, చెప్పేయ్, అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ప్రతి సిగ్నలు దగ్గరా ఇదిగో ఇప్పుడు అనుకుంటాను. పచ్చలైటు పడుతుంది, ఆటో కదులుతుంది, నా నోరు మూతపడుతుంది. బహుశా ఆ డీలరే విప్పి చూస్తాడు, పేస్టు లేదంటాడు, ఎవరి తప్పో తేలకుండానే పని జరిగిపోతుంది. అలా ఆశపడ్డాను.

డీలరు ఆఫీసులో చల్లటి గాలి, గాజుబల్ల, ముందు ఏడుగురు లైను. మా వంతు వచ్చేసరికి పన్నెండయింది. బల్ల వెనక రామకృష్ణగారని పెద్దాయన. మావైపు యాసే, కాకినాడో ఏదో. మర్యాదగా మాట్లాడుతూనే మనిషిని వేపుకుతినే రకం.

"బిల్లు ఉందాండీ?"

"ఉందండి" అంది సుమ.

"పెట్టె?"

"ఇంట్లో ఉంది."

"పెట్టె లేకుండా ఎలా అమ్మా? సర్లెండి. సీలు?"

"కోశానండి."

"మరి కోశాక మా దగ్గరికి ఎందుకొచ్చారండీ?"

"అమీర్‌పేటలో మేం ముట్టుకోం అన్నారు. మీ దగ్గరికే వెళ్ళమన్నారు."

"వాళ్ళు అలాగే అంటారండి. మేము అమీర్‌పేట వెళ్ళమంటాం." తన మాటకి తనే నవ్వుకున్నాడు. "ఒక పని చెయ్యొచ్చు. కస్టమరు తప్పు వల్ల పాడైనట్టు రాసిస్తే, బాగుచేయడానికి పంపుతాం. పదిహేను రోజులు. ఇదిగో ఫారం."

ఫారం ఇంగ్లీషులో ఉంది. ఆయనే వేలు పెట్టి తెలుగులో చెప్పాడు. "నా చేతి పొరపాటు వల్ల కార్డు దెబ్బతిన్నది అని. కింద సంతకం."

సుమ పెన్ను తీసుకుంది. నా పిల్ల సంతకం పెద్దగా, మెలికలు తిప్పి పెడుతుంది. ఆ మొదటి మెలిక దగ్గర పెన్ను ఆనింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని కారనివ్వలేదు. పదిహేను రోజులు కార్డు వీళ్ళ దగ్గరే ఉంటే ఐదింటికి సీడీ ఎక్కడిది? చెయ్యని తప్పు చేశానని రాసిచ్చి, ఆ రాసిచ్చిందే నిజమని జన్మంతా నమ్ముకుంటుంది నా కూతురు. ఇంక దేనికీ చెయ్యి పెట్టదు.

"సంతకం పెట్టకే" అన్నాను.

"అమ్మా, ప్లీజ్..."

"పెట్టకు. పొరపాటు నీది కాదు. నాది." రామకృష్ణగారి వైపు తిరిగాను. "ఆ రాగి పలక మీద బూడిదరంగు పేస్టు ఉండాలట కదండీ. అది లేదు. నేను తోమేశాను."

"తోమేశారా? దేంతో?"

"చింతపండుతో."

లైను మొత్తం ఒకడుగు ముందుకు జరిగింది. వెనకనుంచి ఎవరో కుర్రాడు, "ఉప్పు వెయ్యలేదా ఆంటీ?" అన్నాడు.

"వేశాను" అన్నాను. వేసినమాట నిజమే కదా.

అప్పుడు నవ్వారు. బల్ల వెనక మనుషులు, లైనులో మనుషులు, గుమ్మం దగ్గర వాచ్‌మన్ కూడా. నవ్వనిది మా సుమ ఒక్కతే. పెన్ను బల్లమీద పెట్టి నా వంక చూసింది. అలా చూసే బదులు రెండు వాయించినా బాగుండేది.

రామకృష్ణగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రాగిని ఎంత మెరిపించినా కంటికి కనబడని సందులుంటాయండీ. ఆ సందుల్లో పేస్టు ఉంటేనే చిప్పు వేడి రాగికి ఎక్కేది."

"అంటే పెనం పొయ్యి మీద ఆనకుండా పైకి తేలినట్టు. అందుకేనా పైన చల్లగా, కింద మాడుతూ ఉంది?"

"అంతేనండి. మాడిపోకుండా ఆ కార్డే తనని తాను ఆపేసుకుంటోంది. ఎన్నిసార్లు అలా ఆగింది?"

"పదిసార్లుండొచ్చు" అంది సుమ.

"పదిసార్లా!" తల ఊపాడు. "పేస్టు పెట్టి చూడండి. బతికుంటే బతికున్నట్టు. ఇక్కడ మాత్రం మేము చెయ్యం. సీలు లేదుగా."

మళ్ళీ సీలు. ఆ బల్లెత్తి పడేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ పన్నెండుంబావు అవుతోంది.

తిరుగు ఆటోలో సుమ బయటికి చూస్తూ కూర్చుంది. ఏదో ఒకటి అంటుందని చూశాను. చివరికి నేనే, "నువ్వు తిట్టవే, తిట్టు" అన్నాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"అమీర్‌పేటలో. ఆ అబ్బాయి కాటుకలా ఉంటుందన్నప్పుడు."

"తోమినప్పుడు తెలీదు. సరే. తెలిశాక ఎందుకు చెప్పలేదు? గంటన్నర పోయిందమ్మా. గంటన్నర! అంతసేపూ నేనే పాడుచేశానని..." ఆగిపోయింది.

"హాస్టలుకి పోతానంటివి కదే."

మిగతా దారంతా డ్రైవరు ఒక్కడే మాట్లాడాడు, అదీ ట్రాఫిక్కుని తిట్టడానికి.

విజయేందర్ నేను చెప్పింది సగం వినగానే చెవి మీది స్క్రూడ్రైవరు తీశాడు. మళ్ళీ ఆగాడు. "విప్పుతగని, పూచీ ఎవరిది?"

"నాది. సీతామహాలక్ష్మి అని రాసుకో. సంతకం పెట్టమంటే పెడతా. ముందు విప్పు నాయనా!"

విప్పాడు. పలక నున్నగా మెరుస్తోంది. కార్డు మీది నల్లటి చిప్పుకి ఓ మూల లేత గోధుమరంగు మరక. వాడు దాన్ని గోటితో గీకి, వాసన చూసి, గుమ్మంలోకి పోయి కేకేశాడు. "అరే భాయ్, ఇటు రాన్రి! చింతపండు కూలర్ చూడున్రి!"

చుట్టుపక్కల నాలుగు కొట్లవాళ్ళూ వచ్చి చూసి పోయారు. ఒకడు సెల్‌ఫోన్‌తో ఫోటో కూడా తీసుకున్నాడు. గడియారం ఒంటిగంటకి పదినిమిషాలు తక్కువ చూపిస్తోంది, వీళ్ళకి తమాషా!

"బాబూ, తర్వాత నవ్వుకుందురుగాని. ఐదింటికి సీడీ ఇవ్వాలి."

"ఫికర్ చెయ్యకమ్మా." స్పిరిటుతో రెండు వైపులా తుడిచి, చిన్న గొట్టంలోంచి చిప్పు మధ్యలో బియ్యపుగింజంత పేస్టు పెట్టాడు.

"అంతేనా?"

"అంతే."

"ఇంకాస్త పెట్టు నాయనా, డబ్బులు ఇస్తాంగా."

"ఎక్కువైతే సుత వేడైతదమ్మా. జర నువ్వు స్టూల్ మీద కూసో."

కూర్చున్నాను. స్క్రూలు ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా, ఎదురుబొదురు మూలలు బిగించాడు. కార్డు పెట్టి స్విచ్చి వేశాడు. తెర మీద ఆటో వచ్చింది, మెడదాకా నీళ్ళలో. నేను గడియారం చూశాను. ఒక నిమిషం. రెండు. పదిసార్లు మాడిన కార్డు ఎలా బతుకుతుంది? చిప్పు పోయి ఉంటుంది, పిల్ల సోమాజిగూడలో చిట్టాలు రాస్తూ కళ్ళు పోగొట్టుకుంటుంది, నాతో జన్మలో మాట్లాడదు. మూడు. నాలుగు. నాలుగో నిమిషంలో తెర ఒక్కసారి మెరిసినట్టయింది. నా ప్రాణం పోయింది. సుమ మౌసు కదిలించడం వల్లట. ఐదు. ఆరు. పది.

లేచి వెళ్ళి, అడక్కుండానే కూలరు మీద వేలు పెట్టాను. వెచ్చగా ఉంది. అప్పుడే దించిన పాలగిన్నె అంచులా ఉంది.

"వేడెక్కిందే సుమా! వేడెక్కింది!" అన్నాను, కొట్టంతా వినబడేలా.

సుమ తెర మీంచి చూపు తిప్పలేదు. "చెయ్యి తియ్యమ్మా. ఫ్యానులో వేలు పడుతుంది" అంది. ఆటో దిగాక నాతో అన్న మొదటి మాట.

ఇంటికి తీసుకుపోవాలంటే అరగంట. అదీగాక మా వీధిలో రెండింటి నుంచి కరెంటు కోత. కొట్లో ఇన్వర్టరు ఉంది. సుమ అడగకముందే విజయేందర్ బల్ల మీది సామాను ఒక పక్కకి నెట్టాడు. "ఈడనే కూసొని జల్ది చేస్కో అక్కా. మా సేటు నాలుగున్నరకు వస్తడు, ఆ లోపల ఖాళీ చెయ్యాలె."

మూడుగంటలు ఆ స్టూలు మీదే కూర్చున్నాను. ఆయన ఫోను చేశారు. ఈసారి ఆయన స్టెబిలైజరు అనకముందే పెట్టేశాను. సుమ ఒంగిన తల ఎత్తలేదు. మధ్యమధ్యలో గడియారం చూస్తోంది, ప్రతిసారీ పెదవి కొరుకుతోంది. నాలుగుంబావుకి చెయ్యి ఆపేసింది.

"అయిందా?"

"లేదు. ఇంకో పది సెకన్లు ఉన్నాయి. అవి చేస్తే సీడీ రాయడానికి టైముండదు."

ఆ పది సెకన్లు ఎక్కడ పోయాయో ఇద్దరికీ తెలుసు. ఆ గంటన్నర చేతిలో ఉంటే ఎలాగోలా పూర్తిచేసేది. ఆటో గట్టెక్కకుండానే, నీళ్ళు దులుపుకోవడానికి ఒళ్ళు విరుచుకున్నచోట సినిమా ఆపేసి సీడీ రాసింది. డబ్బా సాయంత్రం తీసుకుంటామని అక్కడే వదిలి పరుగెత్తాం.

స్టూడియో పంజాగుట్ట మెయిన్ రోడ్డు మీదే, మూడో అంతస్తు. నాలుగూ యాభై. కింద వాచ్‌మన్ నన్ను ఆపేశాడు. సుమ మెట్లెక్కి వెళ్ళి రెండు నిమిషాల్లో దిగొచ్చింది. "ఇచ్చేశాను" అని ముందుకు నడిచింది.

"వాళ్ళ కంప్యూటర్లో తెరుచుకుందా?"

"అమ్మా! కౌంటర్లో అమ్మాయి తీసుకుని లోపల పెట్టింది. అంతే ఉంటుంది."

"తెరిచి చూడకుండానే? హడావుడిలో రాశావు కదే. మన దగ్గర ఆడింది వాళ్ళ దగ్గర ఆడకపోతే? అప్పుడు ఎవరితో చెప్పుకుంటావు?"

"నువ్వుంటే ఒక్క నిమిషం ప్రశాంతంగా ఉండనివ్వవు కదా!" అని నాలుగడుగులు వేసింది. ఆగింది. గడియారం చూసుకుంది. పళ్ళు బిగించి వెనక్కి తిరిగి, రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పోయింది.

ఐదయింది. ఐదూ ఐదయింది. వాచ్‌మన్ కుర్చీ ఇచ్చినా కూర్చోలేకపోయాను. ఐదూ పన్నెండుకి దిగింది. మొహం చూస్తే ఏమీ అంతుపట్టలేదు.

"తెరుచుకుందా?"

"తెరుచుకుంది. మొదటిసారి కాదు, రెండోసారికి. పైన ముగ్గురు నిలబడి మొత్తం చూశారు."

"మరి?"

"చివర ఇలా మధ్యలో తెగిపోయిందేంటని ఒకాయన అడిగాడు. జరిగింది చెప్పాను."

"మొత్తం చెప్పావా? నా సంగతి కూడానా?"

"ఇంకేం చెప్పను మరి? నవ్వారు. ముందు నమ్మలేదు." జుట్టు వెనక్కి తోసుకుంది. "ఆ పది సెకన్లూ పూర్తిచేసి సోమవారం పొద్దున్న పట్టుకురమ్మన్నారు. అప్పుడు చెప్తారట."

"అయితే తీసుకున్నట్టేగా?"

"తీసుకున్నట్టు కాదు. చూస్తామన్నారు."

ఆటోల కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. ఒక్కడూ అమీర్‌పేట అంటే ఆపడు. చివరికి నడవడం మొదలుపెట్టాం. సుమ రెండడుగులు ముందు, నేను వెనక.

"కోపం పోయిందా?" అన్నాను.

"పోలేదు."

"ఎప్పటికి పోతుంది?"

వెనక్కి తిరగకుండానే ఆలోచించింది. "సోమవారం వాళ్ళేం చెప్తారో దాన్నిబట్టి."

సోమవారానికి ఇంకా రెండున్నర రోజులున్నాయి. ఆ కార్డు అంతవరకూ ఆగుతుందా, ఇది అంతవరకూ నాతో మాట్లాడుతుందా అని అక్కడే, ఆ బస్సుల మోతలోనే, నాకు బెంగ మొదలైంది.